ఇన్‌లాండు మీద అయిదు పైసల బిళ్ల

ఆదివారం. తెల్లారినప్పటి నుంచీ ముసురు. ఇలాంటి రోజు సేకరణలోని వాడని ఇన్‌లాండు ఉత్తరాల జోలికి పోకూడదు. గాలిలోని తేమకే అంచుల జిగురు అంటుకుపోతుంది. మడతల మధ్య బటర్ పేపరు పెట్టి బీరువాలో ఉంచడమే మేలు. వాడిన ఉత్తరాలకు ఆ బెంగ తక్కువ, అందుకని ఇవాళ వాటి వంతు.

ఎవరింట్లోనో తీగకు గుచ్చి వేలాడదీసిన కట్ట ఇది. ప్రతిదానికీ నడిమధ్య చిల్లు, చుట్టూ తుప్పు మరక. ఇదివరకు ఇలాంటివి దొరికితే తపాలా బిళ్లల సేకర్తలు ఉత్తరం మీదే అచ్చయిన బిళ్ల ఉన్న మేరకు కత్తిరించుకుని మిగతాది పారేసేవారు. పాపం, పారేసిందే అసలు సరుకు! చిరునామా, రెండు ఊళ్ల ముద్రలు, చెల్లించిన రేటు అన్నీ ఒకే కాగితం మీద ఉంటేనే పోస్టల్ స్టేషనరీకి, అంటే బిళ్ల ముందే అచ్చయి వచ్చే ఉత్తరాలకూ కార్డులకూ, విలువ. చిల్లున్నా సరే, ముక్క మాత్రం వద్దు.

కట్టలో 15 పైసల ఇన్‌లాండు ఒకటి, దాని మీద అదనంగా 5 పైసల బిళ్ల. చూడగానే శరణార్థుల పన్ను అని రాసేసుకోవడం తొందరపాటు. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి 31 దాకా ఉత్తరానికి 5 పైసలు అదనంగా వసూలు చేశారు. పోస్టుకార్డుకు మినహాయింపు. ఆ తరవాత రేటు పెరిగినప్పుడు కూడా పాత ఇన్‌లాండ్లకు బిళ్ల అంటించి వాడేవారు. కాబట్టి ముందు చూడాల్సింది ముద్రలోని తేదీ, ఆ తరవాత బిళ్ల మీది ‘రెఫ్యూజీ రిలీఫ్’ అచ్చు. అప్పటికే వాడుకలో ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ల మీద ఆ మాటలు నాసిక్ ప్రభుత్వ ముద్రణాలయంలోనూ కొట్టారు, ఎక్కడికక్కడ స్థానికంగానూ కొట్టారు. స్థానిక అచ్చుకు నకిలీ చేయడం తేలిక. పదింతల భూతద్దంలో తపాలా ముద్ర గీతల మీద అచ్చు సిరా పడినట్టు కనిపిస్తే, అది తరవాత కొట్టిన దొంగ అచ్చే.

విడి బిళ్లల్లా వీటిని నీళ్లలో వేయకూడదు, పెన్ను సిరా కారిపోతుంది. పసుపు రాసిన మూలలనూ తుడవకూడదు. పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిడ్డెక్కి కాగితాన్ని పాడుచేస్తాయి, పాలియెస్టరువి వాడాలి.

ఇంత కట్టలో చావు కబురు కార్డు ఒక్కటీ లేదు. చదవగానే చింపేసేవారు మరి.