మూడు ఛానళ్ల యజమాని, మా పెర్మెస్సో

మిలాన్‌లో వృద్ధులను చూసుకునే పనికి కుదిరినవారికి ఇటాలియన్ భాషను, ఇటలీ రాజకీయాలను నేర్పేది టెలివిజనే. వంట, మందులు, స్నానం, కాసేపు నడిపించడం ముగిశాక మిగిలిన పొద్దంతా ఆ ఇంటి టీవీ ముందే గడుస్తుంది. గుంటూరు జిల్లాలో ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకుంటూ బతికిన నేను 2002 తొలి నెలల్లో పనికి చేరిన ఇంట్లో రిమోట్ ఎప్పుడూ మూడు ఛానళ్ల మధ్యే తిరిగేది: కనాలె 5, ఇటాలియా 1, రేటే 4. ఆ మూడింటి యజమాని సిల్వియో బెర్లుస్కోనీ. అప్పుడు దేశ ప్రధాని కూడా ఆయనే.

ఆ ఇల్లు మిలాన్ తూర్పు అంచున, సెగ్రాటేలోని మిలానో 2 అనే నివాస ప్రాంతంలో ఉంది. మనుషులకూ కార్లకూ వేర్వేరు దారులు, నడిచేవారి కోసం చిన్న వంతెనలు, మధ్యలో హంసల చెరువు ఉన్న ఆ ప్రాంతాన్ని 1970లలో కట్టించింది కూడా బెర్లుస్కోనీయే. అక్కడి ఇళ్లకు కేబుల్ ద్వారా 1974లో మొదలైన టెలెమిలానో అనే చిన్న ఛానలే 1980లో కనాలె 5గా మారింది. నేను చూసుకున్న పెద్దావిడ, నేను సిన్యోరా (అమ్మగారు) అని పిలిచే ఆమె, అక్కడ తొలి రోజుల్లోనే ఇల్లు కొన్నవారు. ఆమె దృష్టిలో ఆయన రాజకీయ నాయకుడు కావడానికి ఎంతో ముందే, చెప్పిన ఇంటిని చెప్పినట్టు కట్టి చేతికిచ్చిన మనిషి. ఈ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆయన ఎదుగుదలను కేవలం డబ్బు బలంగానో మోసంగానో వివరించేవారితో నేను ఏకీభవించలేను.

అయితే ఆ ఎదుగుదల చట్టం అంచుల మీద నడిచిందన్నది కూడా అంతే నిజం. 1976లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ప్రైవేటు టీవీలకు స్థానిక ప్రసారాలు మాత్రమే చేసుకునే అనుమతి ఇచ్చింది. దేశమంతటికీ ప్రసారం చేసే హక్కు ప్రభుత్వ సంస్థ రాయ్‌దే. బెర్లుస్కోనీ ముందుగా రికార్డు చేసిన టేపులను ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లకు పంపి, అన్నిచోట్లా ఒకే వేళకు వేయించి, పేరుకు స్థానికంగా, నిజానికి జాతీయంగా ఛానల్ నడిపారు. 1984 అక్టోబరులో టూరిన్, రోమ్, పెస్కారా న్యాయాధికారులు ఆ ప్రసారాలను ఆపించినప్పుడు, తమ సీరియళ్లు, పిల్లల కార్యక్రమాలు ఆగిపోయాయని కోపగించుకున్నవారిలో సిన్యోరా కూడా ఉన్నారు. ఆయనకు ఆప్తుడైన ప్రధాని బెట్టీనో క్రాక్సీ కొద్ది రోజుల్లోనే ఆర్డినెన్సు తెచ్చి ప్రసారాలను తిరిగి మొదలుపెట్టించారు. 1990లో వచ్చిన చట్టం మూడు ఛానళ్ల యాజమాన్యాన్ని శాశ్వతంగా సక్రమం చేసినప్పుడు, దానికి నిరసనగా అయిదుగురు మంత్రులు రాజీనామా చేశారు. వారిలో ఒకరైన సెర్జియో మత్తరెల్లా తరువాతి కాలంలో దేశాధ్యక్షుడయ్యారు.

1992లో మిలాన్‌లో మొదలైన లంచాల విచారణ పాత పార్టీలను కూల్చివేసింది. క్రాక్సీకి రాజకీయ జీవితమే లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి బెర్లుస్కోనీ 1994 జనవరి 26న ప్రవేశించారు, అదీ బహిరంగ సభ ద్వారా కాదు; ముందే చిత్రీకరించిన తొమ్మిది నిమిషాల వీడియో సందేశం ద్వారా. ఆయన పార్టీ ఫోర్జా ఇటాలియాకు ఫుట్‌బాల్ మైదానంలోని కేకే పేరయింది. దాని నిర్మాణంలో ఆయన ప్రకటనల సంస్థ పబ్లిటాలియా ఉద్యోగులు ముఖ్యపాత్ర వహించారు. మార్చి చివరి ఎన్నికల్లో 21 శాతం ఓట్లతో అది దేశంలో మొదటి పార్టీ అయింది. ఆయన ప్రధానిగా ఏర్పడిన ఆ తొలి ప్రభుత్వం ఏడాది తిరగకముందే పడిపోయినా, 2001లోనూ 2008లోనూ ఆయన మళ్లీ ప్రధాని అయ్యారు.

టీవీ వార్తలే ఆయనను గెలిపించాయని చాలామంది అంటారు. నేను చూసినంతలో వార్తల కన్నా మధ్యాహ్నపు వినోద కార్యక్రమాల ప్రభావమే ఎక్కువ. పిల్లలు దూరంగా ఉండి, భర్త పోయి, ఒంటరిగా మిగిలిన మనిషికి రోజంతా తోడుండి నవ్వించిన ఛానల్ మీద కృతజ్ఞత పుడుతుంది, ఆ కృతజ్ఞత యజమానికి చేరుతుంది. 2019లో ఆర్థికశాస్త్ర పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం కూడా, ఆ వినోద ప్రసారాలు ముందుగా అందిన ప్రాంతాల్లో ఆయన పార్టీకి దాదాపు ఒక శాతం ఓట్లు ఎక్కువ పడ్డాయని తేల్చింది. సిన్యోరా అమాయకురాలు కాదు. ఆయన మీద ఉన్న కేసులన్నీ ఆమెకు తెలుసు. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ ఛానల్ ఏ పార్టీ వైపు మాట్లాడుతుందో తెలిసే చూస్తాం కదా. అయితే మనకు అటొకటి ఇటొకటి ఉంటాయి. ఇటలీలో మూడు ప్రైవేటు ఛానళ్లు ప్రధానివి కాగా, రాయ్ పాలక మండలి ఎంపిక కూడా పార్లమెంటులో ఆయన పక్షం చేతికి వచ్చింది. 2002 ఏప్రిల్ 18న బల్గేరియా రాజధాని సోఫియాలో ఆయన రాయ్‌లోని విలేఖరులు ఎంజో బియాజీ, మికేలె సాంతోరో, హాస్యకారుడు డానియేలె లుత్తాజీల పేర్లు పెట్టి విమర్శించారు. ఆపై ముగ్గురూ రాయ్ తెర మీద కనిపించకుండా పోయారు. వయసు పండిన బియాజీ విలేఖరి వృత్తికే వన్నె తెచ్చినవాడని సిన్యోరా కూడా ఆ రోజు బాధపడ్డారు. ఛానల్ మాత్రం మార్చలేదు.

ఆ ఏడాదే మా బతుకులను మార్చిన చట్టం వచ్చింది. ఆయన మంత్రివర్గ సహచరులు బోస్సీ, ఫీనీల పేర్లతో పిలిచే ఆ 2002 చట్టం, విదేశీయుల నివాస అనుమతిని, అంటే మేమంతా పెర్మెస్సో అనే కాగితాన్ని, ఉద్యోగ ఒప్పందానికి ముడివేసింది. పని పోతే ఆరు నెలల్లో మరో పని చూసుకోవాలి. పెర్మెస్సో కోసం వేలిముద్రలివ్వాలి. ఇంట్లోనే పనిచేసేవారికి దీని అర్థం మరీ బరువైనది: మేము చూసుకునే మనిషి చనిపోతే ఉద్యోగం, పడుకునే గది, దేశంలో ఉండే హక్కు మూడూ ఒక్కరోజునే ప్రశ్నార్థకమవుతాయి. ఏడుపులో కూడా ఆ భయం కలిసి ఉండేదని తోటి పనివారు ఎందరో చెప్పగా విన్నాను.

అదే ప్రభుత్వం ఆ ఏడాదే, కాగితాలు లేకుండా పనిచేస్తున్నవారిని సక్రమం చేసే అవకాశం కూడా ఇచ్చింది. సుమారు 7 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వాటిలో నాది ఒకటి. ఆయన ఓటర్లైన వేలాది కుటుంబాలకు మేము అవసరం కాబట్టే ఆ తలుపు తెరుచుకుందని నేను నమ్ముతున్నాను. 2009లో మళ్లీ ఇదే జరిగింది: అనుమతి లేకుండా దేశంలో ఉండటాన్ని 5,000 నుంచి 10,000 యూరోల జరిమానా పడే నేరంగా చేసి, కొద్ది వారాల్లోనే ఇంటిపనివారికీ వృద్ధులను చూసుకునేవారికీ మినహాయింపు ఇచ్చారు. సాయంత్రపు వార్తల్లో విదేశీయుడంటే దొంగతనం, కత్తిపోటు, పడవ. ఆ వార్తలు వింటున్న పెద్దావిడకు చెంచాతో సూప్ తినిపిస్తున్నది కూడా విదేశీయురాలే. “నిన్ను కాదు, వేరేవాళ్లను” అని సిన్యోరా నా చేయి పట్టుకుని అనేవారు. ఆ మాటలో ప్రేమ ఉంది, నాకు సందేహం లేదు. కానీ ఆ వేరేవాళ్లలో నిన్నటిదాకా నేనూ ఉన్నాను, రేపు రాబోయే మావాళ్లూ ఉంటారు.

2011 నవంబరులో అప్పుల సంక్షోభం మధ్య ఆయన రాజీనామా చేశారు. 2013 ఆగస్టులో, టీవీ ప్రసార హక్కుల కొనుగోళ్లలో పన్ను ఎగవేసినందుకు అత్యున్నత న్యాయస్థానం శిక్షను ఖరారు చేసింది. నాలుగేళ్ల శిక్ష క్షమాభిక్ష చట్టం వల్ల ఒక ఏడాదికి తగ్గింది, సెనేట్ సభ్యత్వం పోయింది. డెబ్బై ఏళ్లు దాటినందున జైలుకు బదులు, 2014లో మిలాన్ శివారు చెసానో బోస్కోనేలోని ఆశ్రమంలో అల్జీమర్స్ రోగుల మధ్య వారానికొకసారి నాలుగు గంటల సేవ చేయమన్నారు. ఈ వార్త మా వాళ్లందరినీ కలచివేసింది. మేము రాత్రింబవళ్లు గౌరవంగా చేసుకునే పని, దేశాన్ని ఏలిన మనిషికి శిక్షగా పడింది. ముసలివారి పక్కన కూర్చోవడం శిక్ష ఎలా అవుతుందో నాకు నేటికీ అర్థం కాదు.

ఆయన 2023 జూన్ 12న మిలానో 2ను ఆనుకునే ఉన్న సాన్ రఫ్ఫాయెలే ఆసుపత్రిలో మరణించారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. పార్టీ అధికార కూటమిలోనే ఉంది, ఛానళ్లు పిల్లల చేతిలో ఉన్నాయి. పదవిలో ఉన్నవారు సంస్థను స్వయంగా నడపకూడదే తప్ప, దానికి యజమానిగా ఉండటంలో తప్పులేదన్న 2004 నాటి చట్టం అలాగే ఉంది. 2002 చట్టంలో ఆరు నెలల గడువు తరువాత ఏడాదికి పెరిగినా, పెర్మెస్సో మాత్రం ఇప్పటికీ ఉద్యోగ ఒప్పందంతోనే ముడిపడి ఉంది.