యాభై మబ్బులు

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఈ రోజు పొద్దున్నే, ఫొటోలు అసలువో నకిలీవో తేల్చే మా ల్యాబు మేడ మీదికి వెళ్లి, నాది కాని ఒక ఫోనుతో ఆకాశాన్ని యాభైసార్లు ఫొటో తీశాను. రాంనగర్‌లో నీళ్ల ట్యాంకులు, కేబుల్ తీగలు ఫ్రేములో పడకుండా ఒట్టి ఆకాశాన్ని పట్టడం అంత సులువు కాదు. వాన వస్తుందేమోనని బట్టలు తీసుకుంటున్న పక్కింటి పెద్దావిడ "ఏమన్నా విమానం పోతుందా బిడ్డా?" అని అడిగారు. "లేదమ్మా, మబ్బే" అన్నాను. ఆమె జాలిగా చూసి లోపలికి వెళ్లిపోయారు.

కెమెరా సెన్సరులోని చుక్కలన్నీ కాంతికి అచ్చం ఒకేలా స్పందించవు. తయారీలో మిగిలిపోయే అతి సూక్ష్మమైన తేడాల వల్ల ప్రతి సెన్సరూ తాను తీసిన ప్రతి చిత్రం మీద కంటికి కనిపించని ఒకే రకమైన మరకను వదులుతుంది. దాన్ని వేలిముద్రలా వాడి చిత్రం ఏ కెమెరాదో చెప్పవచ్చునని అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయంలో జెసికా ఫ్రిడ్రిచ్ బృందం 2006లో చూపించింది. ఆ మరక స్పష్టంగా బయటపడాలంటే ఏ గీతా, ఏ వస్తువూ లేని సమతలం కావాలి. శ్రావణ మాసపు మబ్బును మించిన సమతలం నాకు తెలియదు.

ఆ బూడిదరంగు ఆకాశాన్ని చూస్తుంటే నాన్న నోటుబుక్కు గుర్తుకు వచ్చింది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి వేదాంత కళాశాలలో హీబ్రూ నేర్చుకున్న రోజుల్లో ఆయన బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండములోని మాటలను తెలుగు లిపిలో రాసుకున్నారు. మన బైబిలులో "విశాలము" అని ఉన్నచోట మూలంలో ఉన్న మాట "రాకీయ". లోహాన్ని సుత్తితో కొట్టి పలుచగా సాగదీయడం అనే అర్థమున్న ధాతువు నుంచి అది వచ్చింది. నాన్న ఆ మాట పక్కన "పాతబస్తీలో వరఖు కొట్టినట్టు" అని రాసి, కింద చిన్న అక్షరాలతో "రాకీయ, రేకు: ధ్వని కలిసింది, చుట్టరికం లేదు" అని చేర్చారు.

కేసు మాత్రం చాలా మామూలుది. శంకర్‌పల్లి వైపు ఒక వెంచరులో ప్లాటు తగాదా. ఎదుటి పక్షం దాఖలు చేసిన ఫొటోలో 2019 నాటికే ప్రహరీ గోడ కట్టి ఉంది. కోర్టు ఆదేశంతో వచ్చిన వాళ్ల ఫోనును పరీక్షించగా, ఆ ఫొటోలోని వేపచెట్టు మీదా నేల మీదా ఫోను మరక ఉంది గానీ గోడ మీద లేదు. జేపెగ్ పద్ధతి చిత్రాన్ని ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. గోడ భాగంలో ఆ గళ్లు పక్కకు జరిగి ఉన్నాయి. నీడ కూడా పొసగలేదు. ఎండలో తీసిన చిత్రంలో వస్తువు మీది బిందువును దాని నీడలోని బిందువుతో కలిపే గీతలన్నీ పొడిగిస్తే ఒకేచోట కలవాలి. చెట్టు గీత, కరెంటు స్తంభం గీత కలిసినచోటికి గోడ గీత రాలేదు. (వెలుగు మొదటి దినాన కలిగి, సూర్యచంద్రులు నాలుగవ దినాన వచ్చిన ఆదికాండము మొదటి అధ్యాయాన్ని నా బల్ల మీద పెడితే వెలుగు ఎక్కడిదని అడగకుండా ఉండలేను. నాన్న ఉంటే నవ్వేవారు.)

మధ్యాహ్నం వకీలుగారు ఫోను చేసి, "మేడమ్, అది సృష్టించిన ఫొటో అని ఒక్క ముక్క రాయండి, సూటిగా తగుల్తది" అన్నారు. నా చెయ్యి ఒప్పుకోలేదు. "ఆదియందు దేవుడు సృజించెను" అన్నచోట ఉన్న "బారా" అనే క్రియకు హీబ్రూ లేఖనాలలో ఆ అర్థంలో దేవుడు తప్ప మరొక కర్త లేడు. మనుషులు చేసే పనికి "ఆసా", కుమ్మరి చేసే పనికి "యాత్సర్" ఉన్నాయి. గోడను అతికించినవాడు ఏమీ సృష్టించలేదు, ఇంకెక్కడిదో గోడను తెచ్చాడు. "ఈ చిత్రంలోని గోడ భాగము వేరొక చిత్రము నుండి తెచ్చి చేర్చబడినది" అని రాశాను. వకీలుగారికి అది చప్పగా అనిపించింది.

సాయంత్రం అమ్మ ఒక నాయకుడి వీడియో వాట్సాప్‌లో పంపి "నిజమేనా?" అని అడిగింది. చేతులు మారి కుదింపుకు గురైన వీడియోలో సూక్ష్మమైన ఆనవాళ్లు చాలావరకు చెరిగిపోతాయని చెబితే, "ఇన్నేళ్లు ఏం చదివావే?" అంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముఖం రంగులో వచ్చే అతి స్వల్పమైన మార్పు, ఒకరి వీడియో మీద మరొకరి ముఖం అతికించే డీప్‌ఫేకులో ఉండదని ఒకప్పుడు మాకు ధీమాగా ఉండేది. అసలు వీడియోలోని మనిషి నాడి నకిలీ ముఖంలోకి కూడా దిగుతోందని బెర్లిన్ పరిశోధకులు 2025లో చూపించాక ఆ ధీమా సడలింది. అంటే ఆ నాడి కూడా ఎరువు సొమ్మే.

భోజనమయ్యాక నోటుబుక్కు మళ్లీ తీశాను. దేవుడు నరులను "మన స్వరూపమందు" చేయుదము అన్నచోటి మాట "త్సెలెం". ఫిలిష్తీయులు చేసిన బంగారు ఎలుకల బొమ్మలకూ, విగ్రహాలకూ అదే మాట. నేటి హీబ్రూలో కెమెరాను "మత్స్లెమా" అనడం కూడా ఆ ధాతువు నుంచే. ఆదాము తన స్వరూపమున షేతును కనెనని ఐదవ అధ్యాయం చెప్పేది వంశావళి మధ్యలోనే, ఎవరి నుంచి ఎవరు అన్న లెక్కలోనే. కోర్టు కూడా నన్ను అడిగేది ఆ లెక్కే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఏ కొంచెం మారినా మారిపోయే దాని గుర్తు సంఖ్య, కూడా రాయాలి.

ఫోను ముట్టుకోకముందే దానికి నకలు తీసి హ్యాష్ రాసుకున్నాను గానీ, పొద్దుటి ఫొటోల సంగతి రిజిస్టరులో ఎక్కించలేదని ఇప్పుడు గుర్తుకు వచ్చింది. రేపు ఫోనుకు సీలు వేసే ముందు, అందులోని చివరి యాభై మబ్బులు నేను తీసినవని రాసి సంతకం పెట్టాలి.