రూపాయి బిళ్లంత తడి
విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో శుద్ధి చేసిన శస్త్రచికిత్స పరికరాల స్టోరు చూసే నాకు, వర్షాకాలంలో సముద్రపు గాలి తేమతోనే పెద్ద తంటా. ఆటోక్లేవ్ అనే శుద్ధి యంత్రంలో 134 డిగ్రీల ఆవిరికి పెట్టి తీసిన, గుడ్డలో చుట్టిన పరికరాల సెట్టుపై అంటించిన టేపు గీతలు నల్లబడినంత మాత్రాన సరిపోదు. అవి సెట్టు ఆటోక్లేవ్‌లోకి వెళ్లివచ్చిందని మాత్రమే చెబుతాయి, ఆవిరి లోపలి దాకా చేరిందో లేదో చూపే లోపలి సూచిక పట్టీ సంగతి ఆపరేషన్ థియేటర్‌లో విప్పినప్పుడే తెలుస్తుంది. గత ఆగస్టులో ఒక సిజేరియన్ సెట్టు గుడ్డ మడతలో రూపాయి బిళ్లంత తడి కనిపించగా, అప్పటికే థియేటర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చినా, దానిని మళ్లీ శుద్ధికి పంపి, అరలో మిగిలిన ఒకే ఒక్క సెట్టును ఇచ్చాను. తడి గుడ్డ గుండా సూక్ష్మజీవులు లోపలికి చేరగలవు మరి. ముందు వచ్చినది ముందు వెళ్లాలన్న నియమం రిజిస్టరులో బాగానే ఉంటుంది గాని, రాత్రి డ్యూటీలో చేతికందినదే వెళ్తుంది (నేనూ అలా ఇచ్చినవాడినే). అందుకే ఇప్పుడు కొత్త సెట్లను పాతవాటి వెనుకే పేరుస్తున్నాను.