నాన్న పద్దు, నా పేజీ

ఆదివారం, రాత్రి 10:40

పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఎవరో కొత్తవాళ్లు చూసినట్టు, ఉద్యోగం కోసం నా ప్రాజెక్టులు చూపించే పోర్ట్‌ఫోలియో పేజీ తెరిచి చూశాను. ఆరు ప్రాజెక్టులు. టూడూ లిస్టు, వాతావరణం యాప్, కాలిక్యులేటర్... వాటిలో ఐదూ ట్యుటోరియల్ వీడియోలు చూసి చేసినవే. పక్కన 'జావాస్క్రిప్ట్ 90 శాతం' అని, ఆ కోడింగ్ భాష నాకు ఎంత వచ్చో చెప్పే నీలం పట్టీ. ఆ తొంభై ఎవరు కొలిచారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పట్టీతో సహా ఆ ఐదూ తీసేశాను.

మిగిలింది తెనాలిలో నాన్న ఎరువుల కొట్టుకి రాసిన పద్దుల యాప్ ఒక్కటే. దాని రీడ్‌మీలో, అంటే యాప్ గురించి చెప్పే పరిచయ ఫైల్లో, ఉన్నది ఇన్‌స్టాల్ చేసే మూడు లైన్లు. నేను వారాల తరబడి కుస్తీ పట్టిన సంగతి అందులో లేనే లేదు. రైతు మధ్యలో కొంత జమ కడితే అది ముందు వడ్డీకి పోవాలా, అసలుకా? రెండు రూపాయల వడ్డీకి 20,000 అరువు, ఐదు నెలలకు వడ్డీ 2,000. రైతు 10,000 కడితే నాన్న లెక్కలో ముందు వడ్డీ తీరి, అసలు 12,000 మిగులుతుంది. నా మొదటి కోడ్ జమ మొత్తం అసల్లోంచే తీసేది. ఆరో నెల వడ్డీ 240 రావాల్సిన చోట 200 వచ్చింది. నాన్న కాగితం మీద లెక్కేసి పట్టుకున్నాడు. మధ్యాహ్నమంతా కూర్చుని రీడ్‌మీలో ఇదే రాశాను. ఆ తప్పు మళ్లీ రాకుండా రాసిన టెస్టు కోడ్ కూడా చూపించాను. ఉద్యోగానికి పిలిచేవాళ్లు చూడాల్సింది ఇదేనని నాకు గట్టి నమ్మకం.

స్క్రీన్‌షాట్ పెట్టబోతూ ఆగాను. అందులో నిజం రైతుల పేర్లు, బాకీలు! పాత కమిట్లలోనూ, అంటే కోడ్ మార్చినప్పుడల్లా దాచిన ప్రతుల్లోనూ, అవే. ఆ కోడ్ ఉంచిన రెపో ఇన్నాళ్లూ ఎవరైనా చూసేలా పబ్లిక్‌గానే ఉంది. గుండె ఝల్లుమంది. ఫైలు తీసేసినా, మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ చరిత్రలో ఉండిపోతుంది. వెంటనే దాన్ని ప్రైవేటు చేసి, కల్పిత పేర్లతో కొత్త రెపో పెట్టి, వెబ్ పేజీలు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో డెమో ఎక్కించాను. నాన్నని నమ్మి అరువు రాయించుకున్నవాళ్లు ఆ రైతులు.

సాయంత్రం నాన్నకి లింకు పంపాను. ఆయన ఫోన్లో పేజీ పైనున్న ఫొటో రావడానికే చాలాసేపు పట్టింది. 3 ఎంబీ ఉంది మరి. తక్కువ సైజు పట్టే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 180 కేబీకి దించాను. వత్తులు కింది లైనుకి తగులుతున్నాయని కూడా చెప్పాడు. ఇంగ్లిష్‌కి సరిపోయిన 1.2 లైన్ హైట్ (లైను ఎత్తు) మన 'స్త్రీ'కి చాల్లేదు. 1.7 చేశాను.

"ఇది ఎవరు చదవాలమ్మా?" అన్నాడు.

"నాకు ఉద్యోగం ఇచ్చేవాళ్లు, నాన్నా."

"అయితే జమ పక్కన తేదీ వెయ్యి. తేదీ లేని పద్దు ఎవరూ నమ్మరు."

నిజమే, ఉదాహరణలో తేదీలు వెయ్యలేదు. ఇప్పుడే వేసి రెపోలోకి పుష్ చేశాను.