అరంగుళం పన్నా

మా నాయిన హన్మకొండలో లేడీస్ టైలర్. నేను కటింగ్ టేబుల్ కింద కూర్చుని పీలికలు ఏరుకుంటూ పెరిగినవాణ్ణి. అందుకే ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్స్ కోర్సులో చేరినరోజు, ఈ మూడేళ్లలో వీళ్లు నాకు కొత్తగా నేర్పేదేం ఉంటుందిలే అనుకున్నాను. మా బ్యాచ్‌లో అబ్బాయిలం ముగ్గురమే. మిగతా ఇద్దరికీ సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. వాళ్ల ముందు నేను ఎంత పోజు కొట్టానో ఈ సంచిక చదివే మా బ్యాచ్‌వాళ్లు మర్చిపోయి ఉండరు.

మొదటి దెబ్బ ప్యాటర్న్ మేకింగ్ క్లాసులోనే తగిలింది. మా నాయిన టేపుతో నాలుగు కొలతలు తీసి, చాక్ ముక్కతో గుడ్డ మీదే గీసి కత్తెర వేసేస్తాడు. ఆయన షాపులో కాగితం అంటే రసీదు పుస్తకమే. ఇక్కడేమో మేడమ్ బ్రౌన్ పేపర్ మీద బ్లాక్, అంటే మూల నమూనా గీయించి, పక్కన ఉన్న డార్ట్‌ని, అంటే ఒంటికి పట్టేలా గుడ్డ మడిచి కుట్టే చోటుని మూసి భుజం దగ్గర తెరవమన్నారు. మళ్లీ మూయించి మెడ దగ్గర తెరిపించారు. ఆఖరికి ఆ డార్ట్ కుచ్చుల్లో కలిసిపోయింది. ఒంటికి పట్టే తీరు మాత్రం మారలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న జాకెట్‌లో ఇంత లెక్కుందా అని నోరు తెరిచాను. ఇక డ్రేపింగ్ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. బొమ్మ మీద గాడా గుడ్డ కప్పి గుండుసూదులు గుచ్చమంటే బొమ్మకన్నా నా వేళ్లకే ఎక్కువ గుచ్చుకున్నాను.

అసలు కథ రెండో ఏడాది, పోచంపల్లిలో.

హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్లు కూడా ఉండదు. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చిన ఊరు. పేరు ముందు భూదాన్ అలా చేరింది. మమ్మల్ని జట్లుగా విడదీసి ఒక్కో నేతన్న ఇంట్లో రెండు వారాలు నేర్చుకోమన్నారు. ఒక్కొక్కరు ఒక స్కార్ఫు పూర్తి చేయాలి. డిజైన్ నుంచి నేత దాకా అంతా మనమే.

నేను రాత్రంతా కూర్చుని వంపులు తిరిగిన మామిడిపిందెను గీసుకెళ్లాను. నీట్‌గా షేడింగ్ కూడా ఇచ్చాను. మాకు నేర్పిన కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "మంచిగనే ఉంది తమ్మీ. గోడకు పెట్టుకో. మాకు గడులల్ల పెట్టి తీస్కరా."

పోచంపల్లి నేతని ఇక్కత్ అంటారు. ఆ మాట మలయ్ భాష నుంచి వచ్చింది, అర్థం కట్టడం. ఆ ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం చిటికీ అనేవాళ్లు. మామూలు చీరలో బొమ్మ నేసేటప్పుడు పుడుతుంది, అద్దకంలో నేశాక పడుతుంది. చిటికీలో మాత్రం నేయడానికి ముందే, ఇంకా దారంగా ఉన్నప్పుడే బొమ్మంతా అందులో ఉంటుంది. దారాన్ని కొలిచి, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. లెక్క తప్పితే మగ్గం మీద చేయగలిగేది ఏమీ ఉండదు. లెక్కలు పడక ఈ కోర్సుకి వచ్చినవాణ్ణి నేను!

పేక దారాన్ని, అంటే గుడ్డలో అడ్డంగా పడే దారాన్ని కొలిచేది ఆసు మీద. ఒకవైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారాన్ని ఒంటి మేకు నుంచి అవతలి వరసలో ఒక్కోదానికీ చుట్టి వెనక్కి తేవాలి. ఈ మేకుకీ ఆ మేకుకీ మధ్య దూరమే గుడ్డ పన్నా, అంటే వెడల్పు. మా స్కార్ఫుకి ఒక్కో మేకుకీ నాలుగేసి పోగులు, గ్రాఫ్ కాగితంలో అది ఒక గడి. అందుకే మామిడిపిందె గుండ్రంగా రాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. ఆసు పోయడం ఆ ఇంట్లో పెద్దమ్మ పని. ఒక చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. స్కార్ఫుకే నా భుజం పడిపోయింది. పెద్దమ్మ సాయంత్రాలు భుజానికి జండూబామ్ రాసుకుంటూ కనిపించేది. ఇలాగే బాధపడే తల్లిని చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారని మొదట విన్నది ఆమె దగ్గరే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త పెట్టింది నేనే.

కట్టడానికి వాళ్లు వాడేది పాత సైకిల్ ట్యూబు. సన్నటి పట్టీలుగా కోసి, పోగుల కట్ట మీద సాగదీసి చుట్టి, చివర లోపలికి దోపేస్తారు. కాక వేళ్లు కదిలేది కూడా కనపడేది కాదు. నేను గంటకి పదో పదిహేనో కట్టేవాణ్ణి. వదులుగా కడితే రంగు కిందకి పాకుతుంది. గట్టిగా కట్టినా కొంచెం పాకుతుంది, ఇక్కత్ అంచు మసకగా ఈక ఈకగా కనిపించేది అందుకే. విప్పేటప్పుడు బ్లేడుతో రబ్బరుతో పాటు రెండు పోగులూ తెంపాను. పెద్దమ్మ ఏమీ అనకుండా ముడేసి ఇచ్చింది.

ఇప్పుడు నా ఘనకార్యం. ఆసు సరిచేసేటప్పుడు కాక అడిగాడు, "పన్నా ఎంత?" నేను టైలర్ కొడుకుని కదా. దండెం మీద వేలాడుతున్న స్కార్ఫుకి నాయిన ఇచ్చిన టేపు పెట్టి, "20 అంగుళాలు కాకా" అన్నాను. మేకులు అంతే దూరంలో పెట్టుకున్నాను. గుంటమగ్గంలో కాళ్లు వేలాడేసి కూర్చుని మొదటి పోగు విసిరాను. బానే ఉంది. రెండోది, మూడోది. పేక దారాన్ని మోసే నాడె కుడికి పోయినప్పుడు పడిన తెలుపు కాస్త ఎడమకి జరుగుతోంది. తిరిగొచ్చినప్పుడు పడినది కుడికి జరుగుతోంది. పది పోగులు పడేసరికి నా మామిడిపిందె రెండు పాయలుగా చీలి చెరో అంచు వైపు నడిచి వెళ్లిపోతోంది. పావంగుళం గుడ్డ కూడా కాలేదు!

కాక వచ్చి చూశాడు. "ఏడ కొలిచినవ్?" దండెం వైపు చూపించాను. "అది మగ్గం దిగినంక బిడ్డా. దిగినంక గుడ్డ దగ్గరికొస్తది. మగ్గం మీద ఇరవైన్నర." అరంగుళం! ప్రతి పోగుకీ అరంగుళం. "అయినా జర ఎక్కువనే పెట్టుకోవాలె. ఎక్కువుంటే అంచు కాడ గుంజి సర్దుకుంటం. తక్కువైతే యాడికెంచి తెస్తవ్?"

విప్పేయమంటాడనుకున్నా. నాలుగంగుళాలు నేయించాడు. "చూస్కుంట నెయ్యి" అని పక్కనే కూర్చున్నాడు. తర్వాతదంతా నీలం మీద పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెండోసారి ఆసు నుంచి మళ్లీ మొదలుపెట్టి, కాలేజీ బస్సు వచ్చే రోజు పొద్దున్నకి స్కార్ఫు దింపాను. మామిడిపిందెలు నిలబడ్డాయి, రెండు కాస్త వంకరగానే.

మధ్యలో ఒకరోజు పుట్టపాక తీసుకెళ్లారు. గజం గోవర్ధన, గజం అంజయ్య అనే నేతన్నలకు పద్మశ్రీలు వచ్చిన ఊరది. అక్కడ తేలియా రుమాల్‌లో నిలువు దారమైన పడుగూ, పేకా రెండూ కట్టి రంగేస్తారు. నాకు పేకతోనే పట్టపగలు చుక్కలు కనిపించాయి, ఇక రెండూ కలిసే చోటుని లెక్కవేయడం ఊహకి కూడా అందలేదు. నూలుని నూనెలోనూ ఆముదం కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారట. ఒక రుమాలు చేతికిస్తే వాసన చూసి తిరిగిచ్చేశాను, ఇంకేం అడగాలో తెలియక.

పన్నా అనే మాట నేను మాటలు నేర్చినప్పటి నుంచీ వింటున్నదే. మా షాపులో గుడ్డ తానుతోనే మొదలవుతుంది. గుడ్డ ఆ తానుగా మారకముందు దానికి ఇంకో పన్నా ఉండేదని మా నాయినకీ తెలియదు.

సెలవులకి వెళ్లినప్పుడు రెండు ముక్కలూ ఆయన ముందు పెట్టాను. మంచి స్కార్ఫుని తాకి, "ఇది కోయకు" అని మా అమ్మకిచ్చేశాడు. చెడిపోయిన ముక్కని మాత్రం లైటు కింద పెట్టి చాలాసేపు చూశాడు. జాకెట్ ముందు ముక్కలకి పోచంపల్లి బొమ్మ ఎంత జాగ్రత్తగా పెట్టినా ఎప్పుడూ ఒక దారం అటూ ఇటూ ఎందుకు పోతుందో, అది తన కత్తెర తప్పేనేమో అని ఆయన అన్నేళ్లుగా అనుకుంటున్నాడని నాకు అప్పుడే తెలిసింది. "అయితే ఇది పుట్టుకతోనే కదులుతదన్నమాట" అన్నాడు.

ఇప్పటికీ షాపు నడుపుతున్నాడు. పోచంపల్లి గుడ్డ తెచ్చేవాళ్లకి పావు మీటరు ఎక్కువ తెమ్మని చెప్తాడు, బొమ్మ కలపాలి కదా. మిగిలింది టైలర్ నొక్కేస్తాడని మొహం మీదే అనేవాళ్లు ఉంటారు. అప్పుడు మిషన్ సొరుగులోంచి ఆ నాలుగంగుళాల ముక్క తీసి టేబుల్ మీద పరుస్తాడు. "మావోడే నేసిండు" అని మొదలుపెడతాడు.