మా ఇంటికి ఎనర్జీ ఆడిట్
బోస్టన్‌లో మేముండే డార్చెస్టర్ వైపు పాత చెక్క మూడంతస్తుల ఇళ్ళే ఎక్కువ, చలికాలం హీటింగ్ బిల్లు చూస్తే గుండె గుభేల్మంటుంది. ఇక్కడి కరెంటు, గ్యాస్ కంపెనీలు కలిసి నడిపే మాస్ సేవ్ అనే పథకం ఉంది, ఇంట్లో వేడి ఎక్కడ వృథా అవుతుందో చూసే వాళ్ళ ఎనర్జీ అసెస్‌మెంట్ ఫ్రీ అంటే రమ్మన్నాం, ఫ్రీ అంటే మరీ ఊరికే కాదులెండి, మన కరెంటు, గ్యాస్ బిల్లుల్లో వేసే చార్జీతోనే నడుస్తుందది. వచ్చినాయన వీధి తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా వచ్చేదాకా ఇంట్లో గాలి బయటికి లాగాడు, అప్పుడు ప్లగ్ పాయింట్ దగ్గర చెయ్యి పెడితే చల్లగాలి జివ్వుమని కొట్టింది! అందరూ కిటికీలనే తిడతారు గానీ మాకు ఎక్కువ లీకు అటక మూత దగ్గరే. వేడి బయటికి పోకుండా గోడల్లో, అటకలో నింపే ఇన్సులేషన్ ఖర్చులో మామూలుగా 75 శాతం వాళ్ళే పెట్టుకుంటారు, కాకపోతే పాతకాలం నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ (పింగాణీ బిళ్ళలు, గొట్టాల మీదుగా వైర్లు లాగే పద్ధతి) ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించి దాని సంగతి తేల్చుకోవాలి. మా బేస్‌మెంట్‌లో అదే కనపడింది, ఇప్పుడు ఎలక్ట్రీషియన్ వేటలో ఉన్నాం.