పనస కర్ర, పనసపొట్టు

విశాఖపట్నంలో ఉండేవాళ్లు విజయనగరం వెళ్లడాన్ని ప్రయాణం కింద లెక్కపెట్టరు. పెళ్లికో, పరామర్శకో, పైడితల్లమ్మ పండగకో వెళ్తారు, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. అందుకే శని, ఆదివారాలు అటు తిరిగొస్తానంటే మావారు వింతగా చూశారు. అక్కడ ఏముందని అడిగారు. బొమ్మలు చూస్తాం, వీణలు చూస్తాం, తింటాం అన్నాను. చివరిది మాత్రం నమ్మారు.

వెళ్లింది ముగ్గురం, కాలేజీ నాటి స్నేహితురాళ్లం. ఒకామె రిటైరయ్యాక కారు నేర్చుకుని, ఆ విద్య చూపించడానికి మనుషులను వెతుక్కుంటోంది. ఆమెను డ్రైవరమ్మ అందాం. పుట్టిందీ పెరిగిందీ విజయనగరంలోనే. రెండో ఆమె బొబ్బిలి ఆడపడుచు, అక్కడే కాపురం. వీళ్లిద్దరి మధ్య 1757 నాటి యుద్ధం ఇంకా పూర్తి కాలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకొచ్చిన మీ రాజుదే తప్పంటుంది ఒకామె. నిద్రపోతున్న మనిషిని గుడారంలో దూరి పొడవడం ఏ వీరత్వమంటుంది ఇంకొకామె. హాస్టల్లో ఉండగా ఈ గొడవ మీద మాటలు మానుకున్న రోజులు కూడా ఉన్నాయి.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర కారు పెట్టడానికి చోటు దొరక్క పట్టిన సమయం, ఊరు చూడటానికి పట్టలేదు. గురజాడ వారి ఇల్లు చూశాం. కోట గోడ పక్కనుంచి నడిచాం. మహారాజా సంగీత కళాశాల ముందు డ్రైవరమ్మ కారు ఆపింది గాని దిగలేదు. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఈ పేర్లన్నీ ఆమె నోట మాకు కంఠతా వచ్చు. ఆ వరసలో చివర తన పేరు చేర్చడం కూడా అలవాటే, ఎందుకంటే తనూ అక్కడ వీణ నేర్చుకుంది. ఈసారి చేర్చలేదు. గేటు వైపు చూసి, “పదండి, ఎండెక్కుతోంది” అంది.

గజపతినగరం దాటాక సాలూరు లారీల వెనక ఎంత ఓర్పు కావాలో ఆ దారి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా డ్రైవరమ్మకు ఓర్పు లేదు, ధైర్యమూ లేదు. దాటాలని కుడివైపుకు వస్తుంది, మళ్లీ ఎడమకు వెళ్లిపోతుంది. రామభద్రపురంలో బొబ్బిలి వైపు తిరిగేదాకా నేను వేంకటేశ్వరస్వామిని వదల్లేదు.

భోజనం బొబ్బిలావిడ ఇంట్లో. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఇప్పుడు పొట్టు కొట్టించిన సంచులు బజార్లో దొరుకుతాయి, కానీ ఆమె పనసకాయను కత్తికి నూనె రాసి స్వయంగా కొట్టింది. పొట్టు ఉడకబెట్టి, నీళ్లు పిండేసి, చింతపండు పులుసు వేసి, ఎండుమిరప, జీడిపప్పు పోపులో మగ్గించి, దించి చల్లారాక ఆవముద్ద కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ఈ సంగతి తెలియని హోటళ్లలో తిని తిని ఆవ అంటే చేదనుకునే తరం వచ్చింది. మొదటి ముద్దకు ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కి ముగ్గురికీ కళ్లు చెమర్చాయి. ఇంకో వంట ఏముందో నాకు గుర్తు లేదు.

నిద్రొస్తున్నా పడుకోనివ్వలేదు. బొబ్బిలి వీణలు తయారయ్యేది బొబ్బిలిలో కాదు, పక్కనున్న గొల్లపల్లిలో. సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేము వెళ్లేసరికి ఒక పెద్దాయన నేల మీద కూర్చుని, కాళ్ల మధ్య దుంగ పెట్టుకుని ఉలితో వీణ కుండ లోపలి భాగం తొలుస్తున్నారు. చుట్టూ పసుపు రంగు చెక్కపేళ్లు. మధ్యాహ్నం బొబ్బిలావిడ ఇంట్లో వచ్చిన పనస వాసనే, కాకపోతే ఎండినది.

ఇక్కడి గొప్ప ఏకాండి వీణ. కుండ, దండి, మెడ విడివిడిగా చేసి అతికించకుండా మొత్తం ఒకే పనసమానులోంచి తీస్తారు. అతుకు లేకపోతే నాదం ఆగకుండా ప్రవహిస్తుందని ఆయన నమ్మకం. పనసే ఎందుకని అడిగాను. తేలిక, పురుగు పట్టదు, ఏళ్లు గడిచేకొద్దీ పలుకు పెరుగుతుంది అన్నారు. తొలిచేటప్పుడు గోడ ఎంత మందం ఉందో కొలిచే సాధనం ఏదీ వాడటం లేదు. ఎడమచేతి వేళ్లు బయట ఆనించి, లోపల ఉలి దెబ్బ ఎంత దగ్గరగా తగులుతోందో తెలుసుకుంటున్నారు. మధ్యమధ్య వేలి కణుపుతో తట్టి వింటారు. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ తట్టడం. పక్క గదిలో కుర్రవాడు మైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద పరిచి, దాని మీద మెట్లు నిలబెడుతున్నాడు. మొత్తం 24. ఒక్కొక్కటీ పెట్టి, తీగ మీటి, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటుతున్నాడు. సెల్‌ఫోనులో క్రికెట్ స్కోరు వినబడుతోంది గాని అతని చెవి దాని మీద లేదు.

తయారైన వీణ ఒకటి చాప మీద ఉంది. సింహతలాటం మీద కళ్లు ఇంకా దిద్దలేదు. పెద్దాయన మా ముగ్గురినీ చూసి, ఎలా గుర్తుపట్టారో గాని డ్రైవరమ్మతోనే అన్నారు: “కూర్చోండమ్మా, చూడండి ఎలా పలుకుతుందో.”

“నాకు రాదండీ” అంది.

“రానివాళ్లు తీగను చూస్తారు తల్లీ. మీరు మెట్లు చూస్తున్నారు.”

కూర్చుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, బుర్ర ఎడమ తొడ మీద ఆనించుకుంది. ఆ కూర్చోవడంలోనే మాకు కాలేజీ అమ్మాయి కనబడింది. సరళీ వరసలు మొదలుపెట్టింది, మాయామాళవగౌళ. మొదటి వరస సాఫీగా నడిచింది. మూడోదానికి ఎడమచేతి వేళ్లు తీగ కింద ఎర్రబడ్డాయి. అయిదో వరసలో తప్పింది. ఆపి మళ్లీ మొదటికి వెళ్లింది. బొబ్బిలావిడ, ఎన్నడూ లేనిది, విజయనగరాన్ని ఒక్క మాట అనలేదు. డ్రైవరమ్మ పెళ్లయ్యాక అత్తవారింట్లో చోటు లేదని వీణ ఎవరికో ఇచ్చేశారని మాకు తెలుసు. అత్తగారు పోయి, పిల్లలు అమెరికా వెళ్లి, నాలుగు గదులు ఖాళీగా ఉన్న సంగతీ తెలుసు. వేళ్లు ఊదుకుంటూ లేచి ధర అడిగింది. విని నోరు మూసుకుంది. ఒక్క వీణకు నెల రోజుల పని అని ఆయన చెప్పాక నాకు మాత్రం ఆ ధర ఎక్కువనిపించలేదు. ఇంట్లో షోకేసుకని అరచేతి వీణ ఒకటి కొన్నాను.

రాజాం మీదుగా శ్రీకాకుళం. పొందూరు చేరేసరికి చీకటి పడింది, ఖాదీ అంగళ్లు మూసేస్తున్నారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారని చెబితే డ్రైవరమ్మ నన్ను నమ్మలేదు. బొబ్బిలావిడ సాక్ష్యం చెప్పినా నమ్మలేదు, బొబ్బిలి వాళ్లు కాబట్టి. శ్రీకాకుళంలో పెళ్లిళ్ల రోజులని చెప్పి లాడ్జివాడు మామూలు ధరకు రెట్టింపు తీసుకున్నాడు. ఏసీ గది అన్నాడు. ఏసీ ఉంది, చల్లదనం లేదు.

నేను అసలు వచ్చింది బొమ్మల కోసం. చందమామ అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య (వ.పా.) 1921లో ఈ ఊళ్లోనే పుట్టారు. మా అమ్మ చందమామ అట్టలు చించి, ట్రంకుపెట్టె మూత లోపల అంటించేది. పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతోపాటు వ.పా. దేవతలు కనబడేవారు. నాకు రంగులంటే ఏమిటో తెలిసింది ఆ మూత మీదే. ఆయన చేత్తో వేసిన బొమ్మ ఒక్కటి చూడగలిగిన చోటు ఎక్కడని లాడ్జిలో, ఆటోస్టాండులో, పుస్తకాల అంగట్లో అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. అంట్యాకుల పైడిరాజుగారి సంగతీ అంతే. బొబ్బిలిలో పుట్టి విజయనగరంలో చిత్రకళ నేర్పినాయన. మావాడంటే మావాడని నిన్నంతా ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆయన బొమ్మ ఎదురుగా నిలబడి ఎప్పుడు చూశారే అంటే ఇద్దరికిద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు. కలకత్తా వెళ్తే వాళ్ల చిత్రకారులను ఇంటింటా చూపిస్తారు. మనకు ఫ్లెక్సీలకు ఉన్న గోడ చిత్రానికి ఉండదు.

ఆదివారం టిఫిను హోటల్లో, గల్లాపెట్టె వెనక, వ.పా. బొమ్మ కనబడింది. పాత క్యాలెండరు, తేదీల కాగితాలు ఎప్పుడో పోయాయి. పెసరట్టు పొగకు అంచులు గోధుమరంగు తిరిగాయి గాని ఆ అమ్మాయి మెడ దగ్గరి నీలం అలాగే ఉంది. అమ్ముతారా అని అడిగాను. “మా నాన్న పెట్టారండీ” అన్నాడు యజమాని, చిల్లర లెక్కపెడుతూ. పెసరట్టుకు మాత్రం విశాఖ ధరే వేశాడు.

శ్రీకూర్మంలో మండపం గోడల మీది చిత్రాల ముందు చాలాసేపు నిలబడ్డాను. విష్ణుకథలు. సాగదీసిన కళ్లు చూస్తుంటే ఒడిశా పటచిత్రాలు గుర్తొస్తాయి, సరిహద్దు ఎంత దూరం గనక. జనమంతా వెనక పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల దగ్గర ఉన్నారు. నావాళ్లిద్దరూ అక్కడే.

శాలిహుండం కొండ మెట్లు చూసి బొబ్బిలావిడ మోకాళ్లు పట్టుకుని కింద చెట్టు నీడన కూలబడింది. 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం. పైన ఇటుక స్తూపాలు, కింద వంశధార, అల్లంత దూరాన కళింగపట్నం దగ్గర సముద్రం. చిన్న మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచిల విగ్రహాలున్నాయి. దిగొచ్చేసరికి బొబ్బిలావిడ చోడి (రాగి) అంబలి అమ్మే ఆవిడతో వియ్యం కలుపుకునేంత స్నేహం చేసింది. ఉల్లిపాయ నంజుకుని తలో చెంబు తాగాం. ఈ రెండు రోజుల్లో మేము చెల్లించిన వాటిలో న్యాయమైన ధర ఇదొక్కటే.

బొబ్బిలావిడను శ్రీకాకుళంలో బస్సెక్కించి హైవే మీద పడ్డాం. టోలు గేటు దాటాక డ్రైవరమ్మ మెల్లగా చెప్పింది, రాత్రి మేము నిద్రపోయాక గొల్లపల్లి పెద్దాయనకు ఫోనులో అడ్వాన్సు పంపిందట. వాళ్లాయనకు తెలియదు.

“వీణ వచ్చాక ఏం చెప్తావే?”

“నువ్వు కొని మా ఇంట్లో దాచావని చెప్తాను. మీ ఇంట్లో చోటు లేదుగా.”

అప్పటికే లారీని దాటడానికి కుడివైపుకు వచ్చేసింది, ఈసారి వెనక్కి తగ్గలేదు.